పడే ముందు ఏం జరిగింది? యువతలో సొమ్మసిల్లడం, గుండె లయ లోపాలు: ఒక సమీక్ష

ఏప్రిల్ నెలలో ఆదోని మార్కెట్ యార్డులో బస్తాలు మోసే కుర్రవాడు కుప్పకూలితే చుట్టూ ఉన్నవాళ్లందరి నోటా ఒకటే మాట: ఎండ. ఎమ్మిగనూరులో మగ్గం గుంటలోంచి లేచిన అమ్మాయి కళ్లు తిరిగి పడితే నీరసం అంటారు, ఒంట్లో రక్తం లేదంటారు. పడినప్పుడు కాళ్లూ చేతులూ కొట్టుకుంటే ఫిట్స్ అంటారు. అదే జాతరలోనో, పొద్దుగూకాక ఊరి బయటో జరిగితే గాలి సోకిందంటారు. ముఖాన నీళ్లు చల్లుతారు, సోడా తాగిస్తారు, ఆర్‌ఎంపీ దగ్గర ఒక గ్లూకోజ్ సీసా ఎక్కిస్తారు, మర్నాడు మళ్లీ పనికి పంపుతారు. ఈ మాటల్లో చాలావరకు నిజముంది. యువతీయువకులు సొమ్మసిల్లడానికి ఎక్కువసార్లు కారణం ప్రాణాపాయం లేనిదే. కానీ ఆ మాట ఎక్కువసార్లు నిజం కావడమే ఇక్కడ చిక్కు. నూటికి తొంభైసార్లు సరిపోయే జవాబు నోటి దగ్గర సిద్ధంగా ఉన్నప్పుడు, మిగిలిన కొద్దిమంది గుండె లయ తప్పి పడ్డారన్న సంగతి ఎవరికీ తట్టదు. ఆ కొద్దిమందిని వేరుచేయడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. పడిన క్షణానికి ముందు ఏం జరిగిందో ఓపికగా అడగడం, ఒక్క ఈసీజీ తీసి దాన్ని శ్రద్ధగా చదవడం, ఇంటిచరిత్ర కనుక్కోవడం చాలు. ఈ మూడూ ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఈరోజే సాధ్యమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా సొమ్మసిల్లడమంటే ఏమిటో తేల్చుకోవాలి. మెదడుకు నిల్వ లేదు. రక్తం ఎప్పటికప్పుడు అందుతూ ఉండాలి. ఆ ప్రవాహం ఆరు నుంచి ఎనిమిది సెకన్లు ఆగితే చాలు, స్పృహ పోతుంది. మనిషి నేల మీద పడగానే తల, గుండె ఒకే ఎత్తుకు వస్తాయి, రక్తం మళ్లీ అందుతుంది, దానంతటదే తెలివి వస్తుంది. హఠాత్తుగా రావడం, కొద్దిసేపే ఉండటం, పూర్తిగా తేరుకోవడం దీని మూడు లక్షణాలు. రక్తం ఆగడానికి దారులు కూడా ప్రధానంగా మూడే. నరాల ప్రతిచర్య వల్ల రక్తనాళాలు ఒక్కసారిగా సడలి, నాడి నెమ్మదించడం ఒకటి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి, నిలబడేసరికి బీపీ పడిపోవడం రెండోది. గుండే తన పని ఆపడం, అంటే లయ మరీ మందగించడమో, నిండే వ్యవధి లేనంత వేగంగా కొట్టుకోవడమో, రక్తం బయటికి పోయే దారి ఇరుకు కావడమో మూడోది. పక్కనుంచి చూసేవాళ్లకు ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రెండింటిలో మనిషి లేస్తాడు. మూడోదానిలో కూడా చాలాసార్లు లేస్తాడు. లేవని ఒక్కసారి మాత్రం ముందుగా చెప్పి రాదు.

మొదటి దారి ఎంత మామూలో చెప్పే ఆధారాలు గట్టివే. ఆమ్‌స్టర్‌డామ్‌లో వైద్య విద్యార్థులను అడిగి 2003లో ప్రచురించిన పరిశీలనలో 39 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా సొమ్మసిల్లామన్నారు. అమ్మాయిల్లో అది 47 శాతం, అబ్బాయిల్లో 24 శాతం. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 7,814 మందిని ఏళ్ల తరబడి గమనించి 2002లో వెలువరించిన ఫలితాల ప్రకారం, నరాల ప్రతిచర్య వల్ల పడినవాళ్ల ఆయుష్షుకు ఏ లోటూ రాలేదు. గుండె కారణంగా పడినవాళ్లకు మాత్రం మరణ ప్రమాదం రెట్టింపు. ఆదోని, ఎమ్మిగనూరు ఉన్న పశ్చిమ కర్నూలులో మొదటి రెండు దారులూ మరింత తెరుచుకుని ఉన్నాయి. నలభై డిగ్రీలు దాటే ఎండ, జిన్నింగ్ మిల్లుల్లో గాలాడని షెడ్లు, మంత్రాలయంలో దర్శనానికి గంటల తరబడి నిలబడే వరుసలు, శనివారం సోమవారం ఒక్కపొద్దులు, పొద్దున ఏమీ తినకుండా పనికి బయల్దేరే అలవాటు, అన్నీ ఆ దారిలోకే నడిపిస్తాయి. గుంటమగ్గంలో కాళ్లు కిందికి పెట్టుకుని గంటల తరబడి కూర్చున్నవారికి రక్తం కాళ్లలో చేరుతుంది. చటుక్కున లేస్తే బీపీ పడిపోవడం సహజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి ఎండ, నీరసం అనే మాటలను అజ్ఞానం కింద కొట్టిపారేయకూడదు. అవి అనుభవంలోంచి వచ్చిన మాటలు.

అయితే ఆ అనుభవంలో ఒక తర్కదోషం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఆదోనిలో ఎండ అందరి మీదా, రోజూ, ఒకేలా ఉంటుంది. అందరికీ ఎప్పుడూ ఉన్న కారణం, ఒక్కడే ఒక్క క్షణంలో ఎందుకు పడ్డాడో చెప్పలేదు. అదే ఎండలో అదే బరువు మోసినవాళ్లు యాభైమంది నిలబడి ఉండగా అతనే ఎందుకు పడ్డాడు? బస్తా దించి నీడలో నిలబడ్డాక పడ్డాడా, బస్తా వీపున ఉండగానే అడుగు మధ్యలో పడ్డాడా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకకుండా ఎండ అని తీర్మానిస్తే విచారణ మొదలుకాకముందే తీర్పు చెప్పినట్టు. పైగా ఎండ దోషి అయినప్పుడు కూడా అది ఒంటరి దోషి కాకపోవచ్చు. వేసవిలో వాంతులు, విరేచనాలతో ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. పుట్టుకతోనే గుండె విద్యుత్తులో లోపం ఉన్నవారిలో ఆ తగ్గుదలే లయను చెడగొట్టగలదు. పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఒంటికి పట్టినా నాడి మందగించడం, ఈసీజీలో మార్పులు రావడం తెలిసిన విషయమే. అంటే పైకి ఎండ కనిపిస్తుంది, లోపల గుండె ఉంటుంది. ఒకటి ఉందని రెండోది లేదనుకోవడం తప్పు.

ఆ లోపలి లోపాల్లో ముందు చెప్పుకోవలసింది లాంగ్ క్యూటీ సిండ్రోమ్. గుండె ప్రతి దెబ్బ తర్వాతా విద్యుత్తుపరంగా మళ్లీ సిద్ధం కావాలి. దానికి పట్టే కాలమే ఈసీజీలో క్యూటీ వ్యవధి. గుండె కణాల్లో పొటాషియం, సోడియం రాకపోకలు చూసే ద్వారాలు సరిగా పనిచేయకపోతే ఆ వ్యవధి సాగుతుంది. సాగిన ఆ సందులో ఇంకో దెబ్బ పడితే గుండె కొట్టుకోవడం మాని అదురుతుంది. అదురు దానంతటదే ఆగితే మనిషి సొమ్మసిల్లి లేస్తాడు, ఆగకపోతే పోతాడు. 1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగే-నీల్సన్ ఒక కుటుంబాన్ని వర్ణించారు. అందులో పుట్టుచెవుడు ఉన్న పిల్లలు పదేపదే సొమ్మసిల్లేవారు, వారిలో ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండ్‌లో వార్డ్ చెవుడు లేని రూపాన్ని గుర్తించారు. ఈ రెండో రూపం రెండువేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. జన్యువు తేలిన 670 మందిని పరిశీలించిన 2001 నాటి అధ్యయనం ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. మొదటి రకంలో 62 శాతం ఘటనలు శ్రమలో, ముఖ్యంగా ఈతలో జరిగాయి; రెండో రకంలో భయం, ఉలికిపాటు, హఠాత్తు చప్పుడు ప్రధానం; మూడో రకంలో 39 శాతం నిద్రలోనో విశ్రాంతిలోనో జరిగాయి. ఈత బాగా వచ్చిన కుర్రవాడు బావిలో దూకి తేలలేదని ఏ ఊళ్లో విన్నా, తుంగభద్రలో ఏటి మధ్య ఊరికే మునిగిపోయాడని విన్నా, కాలు పట్టేసింది, సుడి లాగేసింది అని ఊరుకోకుండా అతని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఈసీజీ తీయాలని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఈ విషయం మన ప్రాంతానికి మరింత దగ్గరగా వచ్చేది మేనరికం దగ్గర. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు నాలుగింట ఒకరు రక్తసంబంధీకులనే చేసుకున్నారు. రాయలసీమలో మేనమామను, మేనత్త కొడుకును చేసుకోవడం తరతరాల ఆచారం. చెవుడుతో కూడిన జెర్వెల్ రూపం రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపపు జన్యువు బిడ్డకు చేరాలి. మామూలుగా ఇది లక్షల్లో ఒకరికి వచ్చేది. మేనమామలో అలాంటి జన్యువు ఉంటే అక్క కూతురిలోనూ అది ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మేనబావ, మరదళ్ల మధ్య ఎనిమిదింట ఒకటి. అలా ఇద్దరిలోనూ ఉన్నప్పుడు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. శ్రమలోనూ ఉద్వేగంలోనూ లయ తప్పే సీపీవీటీ అనే మరో జబ్బుకు కూడా ఇలాంటి రూపం ఉంది. దాని కారణాన్ని 2001లో కనుగొన్నది ఇజ్రాయెల్‌లో దగ్గరి సంబంధాలు చేసుకునే ఒక బెదువిన్ తెగలోనే. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ప్రతి జబ్బునూ మేనరికం మీదికి తోసి, ఒక సమాజపు ఆచారాన్ని నేరంగా చూపడం సరికాదు. నిజమే. వంశపారంపర్యంగా వచ్చే గుండె లయ లోపాల్లో ఎక్కువ భాగం ఒక్క తల్లి నుంచో, ఒక్క తండ్రి నుంచో సగం పిల్లలకు వచ్చేవి. బయటి సంబంధం చేసుకున్నా అవి ఆగవు. కాబట్టి ఎవరినీ నిందించనక్కర్లేదు. దగ్గరి సంబంధంలో పుట్టిన బిడ్డ చెవిటిదై, ఒక్కసారైనా సొమ్మసిల్లితే ఈసీజీ తప్పనిసరి అని గుర్తుంచుకుంటే చాలు. పుట్టుచెవుడు పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు ముందు క్యూటీని కొలవాలనడానికి కారణం కూడా ఇదే.

మిగిలిన లోపాలను క్లుప్తంగా చూస్తే, ప్రతిదానికీ దాని సొంత ఆనవాలు ఉంది. 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించిన జబ్బులో ప్రమాదం రాత్రి నిద్రలో, లేదా జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు వస్తుంది. జ్వరంలో తీసిన ఈసీజీలో కనిపించే గుర్తు జ్వరం తగ్గాక మాయం కావచ్చు. 1930లో ఉల్ఫ్, పార్కిన్సన్, వైట్ గుర్తించిన లోపంలో పై గదులకూ కింది గదులకూ మధ్య అదనపు విద్యుత్ తీగ ఒకటి ఉంటుంది. ముందు గుండె దడ, తర్వాత స్పృహ పోవడం దాని వరస. ఆ తీగను కాథెటర్‌తో కాల్చేస్తే చాలామందిలో జబ్బు పూర్తిగా పోతుంది. గుండె కండరం మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి సుమారు అయిదువందల మందిలో ఒకరికి ఉంటుంది, పరుగులోనో ఆటలోనో పడేస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తల నాయకత్వంలో 2009లో వెలువడిన పరిశోధన, మన ఉపఖండంలో సుమారు నాలుగు శాతం మందికి గుండె కండరపు ఒక జన్యువులో 25 అక్షరాల లోపం ఉందని చూపింది. అది ఎక్కువగా నడివయసు తర్వాత గుండెను బలహీనపరిచే లోపమైనా, కుటుంబాల్లో దాగి ఉండే గుండె జబ్బు మనకు పరాయిది కాదని చెప్పడానికి అది చాలు. పుట్టుకతోనే గుండె లోపలి విద్యుత్ దారి తెగిపోయే హార్ట్ బ్లాక్‌ను పట్టడానికైతే యంత్రం కూడా అక్కర్లేదు. మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషం పాటు లెక్కపెడితే నాడి నలభై దగ్గర తిరుగుతుంటుంది.

ఈ జబ్బులు మన దగ్గర ఎక్కువగా దాక్కునే చోటు ఫిట్స్ అనే పేరు. మెదడుకు రక్తం ఆగితే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మామూలే. బెర్లిన్ వైద్యులు 1994లో ఆరోగ్యవంతులను కావాలని సొమ్మసిల్లేలా చేసి వీడియో తీసినప్పుడు, పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 90 శాతం మందికి ఒంట్లో కుదుపులు వచ్చాయి. అంటే కుదుపు కనిపించినంత మాత్రాన అది మూర్ఛరోగం కాదు. ఇంగ్లండ్‌లో 2000లో ప్రచురించిన మరో పరిశీలనలో, మందులకు లొంగని లేదా అనుమానం ఉన్న మూర్ఛరోగంతో వచ్చిన 74 మందిని గుండె వైపు నుంచి పరీక్షిస్తే 31 మందికి వేరే కారణం బయటపడింది. తేడా తెలిపే గుర్తులు చూసినవాళ్లకు తెలుస్తాయి. సొమ్మసిల్లినవాడి ముఖం పాలిపోతుంది, కుదుపులు కొద్ది సెకన్లే ఉంటాయి, లేవగానే తానెక్కడున్నాడో తెలుస్తుంది. మూర్ఛలో కుదుపులు నిమిషం దాకా, ఆపైనా సాగుతాయి, నాలుక పక్క అంచు తెగుతుంది, లేచాక చాలాసేపు తికమక ఉంటుంది. మూత్రం పోవడం రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఫిట్స్ అనే ముద్రకు మన ఊళ్లలో వైద్యానికి మించిన వెల ఉంది. అమ్మాయికైతే సంబంధాలు తప్పిపోతాయి, అబ్బాయికైతే డ్రైవర్ పని పోతుంది. ఆ ముద్ర తప్పైతే ఆ బిడ్డ ఏళ్ల తరబడి అక్కర్లేని మాత్రలు మింగుతుంది. అసలు జబ్బుకు మాత్రం ఒక్క మాత్ర కూడా పడదు. ఫిట్స్ అని మందులు రాసే ముందు ఒక ఈసీజీ తీయడం ఎంత తక్కువ ఖర్చుతో ఎంత నష్టాన్ని ఆపగలదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అడగవలసిన ప్రశ్నలు ఇప్పుడు స్పష్టమే. పడే క్షణంలో ఏం చేస్తున్నారు? నిలబడి ఉండగా, వరసలో, సూది చూసి, నొప్పితో, భయంతో పడితే, ముందుగా చెమటలు, కడుపులో తిప్పడం, కళ్లు మసకబారడం ఉంటే, ఎక్కువగా అది నరాల ప్రతిచర్యే. పరుగెత్తుతూ, మూట ఎత్తుతూ, ఈత కొడుతూ, అరుపుకు ఉలిక్కిపడి, పడుకుని ఉండగా, ఏ హెచ్చరికా లేకుండా పళ్లు విరిగేలా పడితే అది గుండె కాదని తేలేవరకు గుండె అనే అనుకోవాలి. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి: శ్రమ ఆగాక పడటం వేరు, శ్రమలో ఉండగా పడటం వేరు. పరుగు ఆపగానే కాళ్లలో రక్తం నిలిచి పడటం మామూలే. పరుగు మధ్యలో పడటం మామూలు కాదు. ముందు గుండె దడదడలాడిందా? ఏ మందులు వాడుతున్నారు? ఇంట్లో నలభై ఏళ్లలోపు ఎవరైనా నిద్రలో, నీళ్లలో, ఆటలో హఠాత్తుగా పోయారా? పిల్లల్లో చెవుడు ఉందా? ఈ చివరి ప్రశ్నలు ఇంటి పెద్దవాళ్లనే అడగాలి. ముప్ఫై ఏళ్ల కిందట పోయిన చిన్నాన్న ఎలా పోయాడో నాయనమ్మకే తెలుస్తుంది. వలస వెళ్లే కుటుంబాల్లో ఇంకో చిక్కుంది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి గుంటూరు మిరప కోతలకు వెళ్లినచోట పడినప్పుడు చూసినవాళ్లు ఒకరు, ఇంటికొచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు ఇంకొకరు. చూసినవాళ్లతో డాక్టరును ఫోనులో మాట్లాడించడం, పదేపదే జరుగుతుంటే వీడియో తీసి ఉంచడం, పరీక్షలన్నిటికంటే విలువైన సాక్ష్యం కావచ్చు.

తర్వాతి మెట్టు ఈసీజీ. 2017 నాటి అమెరికా మార్గదర్శకాలు, 2018 నాటి యూరప్ మార్గదర్శకాలు రెండూ సొమ్మసిల్లిన ప్రతి మనిషికీ మూడింటిని తప్పనిసరి చేశాయి: వివరంగా చరిత్ర అడగడం, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూడటంతో సహా పరీక్ష, ఈసీజీ. కారణం కనిపించకుండా మెదడు స్కాన్ తీయించడం దండగ అని కూడా అవే చెబుతున్నాయి. మన దగ్గర వరస తలకిందులై ఉంది. వేల రూపాయల తల స్కాన్ అయిపోతుంది, అతి చవకైన ఈసీజీ మిగిలిపోతుంది. తీసిన ఈసీజీని కూడా యంత్రం పైన అచ్చేసిన మాట చూసి పక్కన పెట్టకూడదు. మామూలు కాగితం మీద చిన్న గడి ఒకటి 40 మిల్లీసెకన్లు. నాడి మామూలు వేగంలో ఉన్నప్పుడు క్యూటీ రెండు దెబ్బల మధ్య దూరంలో సగం దాటితే ఆగి లెక్కపెట్టాలి. వేగానికి సరిచేసిన విలువ పురుషుల్లో 450, స్త్రీలలో 460 మిల్లీసెకన్లు దాటితే అనుమానించాలి. 500 దాటితే ఆలస్యం చేయకూడదు. అదనపు తీగ గుర్తు, బ్రుగాడా గుర్తు, మందమైన కండరపు గుర్తులు, హార్ట్ బ్లాక్ కూడా అదే కాగితంలో ఉంటాయి. ఆ కాగితాన్ని పెళ్లి పత్రికలా భద్రంగా దాచుకోవాలి. మళ్లీ పడినప్పుడు పాతదానితో పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

దీనికి మొదటి అభ్యంతరం ఖర్చు. యువతకంతా ఈసీజీలు తీస్తే దేశం భరించగలదా? ఇటలీలో 1982 నుంచి పోటీల్లో పాల్గొనే క్రీడాకారులందరికీ ఈసీజీ తప్పనిసరి. వెనెటో ప్రాంతంలో ఆటగాళ్ల హఠాన్మరణాలు ఏడాదికి లక్షమందికి 3.6 నుంచి 2004 నాటికి 0.4కు తగ్గాయని 2006లో ప్రచురించారు. ఇజ్రాయెల్ 1997లో అలాంటి చట్టమే తెచ్చినా అక్కడ మరణాలు తగ్గలేదని 2011లో తేలింది. కాబట్టి అందరికీ ఈసీజీ అనే వాదం ఇంకా తేలనిదే, పైగా లేని జబ్బును ఉందని చూపే ప్రమాదమూ అందులో ఉంది. కానీ ఇక్కడ అడుగుతున్నది అందరికీ కాదు, పడినవాళ్లకు. ఒక లక్షణం కనిపించాక చేసే పరీక్ష వేరు, లక్షణమే లేనివాళ్లను జల్లెడ పట్టడం వేరు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: ఈసీజీ మామూలుగా వచ్చినా జబ్బు ఉండవచ్చు కదా? ఉండవచ్చు. సీపీవీటీలో విశ్రాంతిగా తీసిన ఈసీజీ పూర్తిగా మామూలే; ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తేనే అది బయటపడుతుంది. లాంగ్ క్యూటీ జన్యువు ఉన్నవారిలో కొందరి క్యూటీ కూడా మామూలు హద్దుల్లోనే ఉంటుంది. అందుకే ప్రశ్నలు ముందు, ఈసీజీ తర్వాత అని చెప్పడం. శ్రమ మధ్యలో పడిన కుర్రవాడి ఈసీజీ బాగుందని ఇంటికి పంపితే అది ఈసీజీ తప్పు కాదు, కథను వినని తప్పు. అలాంటివారికి ఎకో, ట్రెడ్‌మిల్, ఒకటి రెండు రోజులు ఆగకుండా ఈసీజీ తీసే హోల్టర్ అవసరం.

మూడో అభ్యంతరం భయం గురించి. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు, కన్నడ సినిమాలు సొంత సినిమాల్లా చూసే మన సరిహద్దు ఊళ్లలో కూడా గుండె గురించి దిగులు పట్టుకుంది. గుండె మాట ఎత్తితే ప్రతి తలతిరుగుడుకూ జనం హడలిపోరా? నిజానికి జరిగేది దీనికి విరుద్ధం. ఏది ప్రమాదమో చెప్పకపోతేనే ప్రతిదీ భయపెడుతుంది. పూల వాసనకో, రక్తం చూసో పడిన అమ్మాయికి ఈసీజీ చూసి, నీ ఆయుష్షుకేమీ ఢోకా లేదని ఫ్రేమింగ్‌హామ్ ఆధారంతో చెప్పగలగడం ఈ పద్ధతిలో ఉన్న మేలే. యువత హఠాన్మరణాలకు కోవిడ్ టీకాయే కారణమన్న పుకార్లూ ఈ భయంలో భాగమే. భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్లవారి హఠాన్మరణాలు 729ని పరిశీలించి 2023లో వెలువరించిన అధ్యయనం కోవిడ్ టీకా వల్ల ప్రమాదం పెరగలేదని తేల్చింది. పెంచినవాటిలో ఇంట్లో హఠాన్మరణ చరిత్ర, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, తీవ్ర శ్రమ, గతంలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం ఉన్నాయి. పుకార్లు చూపే దిక్కు ఒకటి, ఆధారాలు చూపే దిక్కు మరొకటి. ఆధారాలు మళ్లీ ఇంటిచరిత్ర దగ్గరికే తెస్తున్నాయి.

చికిత్స దూరాభారమనే నిరాశ కూడా సగమే నిజం. నరాల ప్రతిచర్యకు నీళ్లు, మజ్జిగలో ఉప్పు, పొద్దుటి తిండి, కళ్లు మసకబారగానే కూర్చోవడమో పడుకోవడమో సరిపోతాయి. కాళ్లు మెలివేసి తొడలూ పిరుదులూ బిగించే పద్ధతి నేర్పితే, 2006 నాటి ఒక పరీక్షలో మళ్లీ సొమ్మసిల్లినవాళ్లు 51 శాతం నుంచి 32 శాతానికి తగ్గారు. లాంగ్ క్యూటీలో, సీపీవీటీలో ప్రధాన మందు బీటా బ్లాకర్. అందులో ప్రొప్రనలాల్ ఆదోని మందుల షాపులో దొరికే చవక మాత్ర, కానీ డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడనిది, మొదలుపెట్టాక ఒక్కరోజు కూడా మానకూడనిది. లాంగ్ క్యూటీ ఉన్నవారికి అజిత్రోమైసిన్, డాంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్, ఫ్లూకోనజోల్ లాంటి మామూలు మందులే విషం కాగలవు. జ్వరానికీ వాంతులకూ ఇవే ఇచ్చే ఆర్‌ఎంపీలకు, మందుల షాపులవాళ్లకు ఈ పేర్లు తెలియజేయడం పెద్ద పనేమీ కాదు. పేస్‌మేకర్‌కు ఆరోగ్యశ్రీ నుంచి నేటి ఎన్టీఆర్ వైద్య సేవ దాకా ప్రభుత్వ పథకాల్లో చోటుంది. గుండెలోని అదనపు తీగను కాల్చే చికిత్సకూ, షాక్ ఇచ్చే పరికరానికీ మాత్రం హైదరాబాద్‌లోని నిమ్స్, బెంగళూరులోని జయదేవ లాంటి పెద్ద ఆసుపత్రులకు వెళ్లాలి. అక్కడికి వెళ్లవలసినవాళ్లు కొద్దిమందే. వాళ్లెవరో తేల్చవలసింది మాత్రం ఇక్కడే.

తేల్చే చోటు ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రులు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి సుమారు వంద కిలోమీటర్లు. చాలామంది అంతకంటే దగ్గరని బళ్లారి పోతారు. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, తగ్గిపోయిన జబ్బు కోసం ఎవరూ అంత దూరం పోరు. అందువల్ల మనిషి కదలకుండా కాగితమే కదలాలి. గుండెపోటు గుర్తించడానికి చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్ద ఆసుపత్రి నిపుణుడికి అప్పటికప్పుడు పంపే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇటీవలి ఏళ్లలో చేపట్టింది. అదే దారిలో సొమ్మసిల్లిన యువతీయువకుల ఈసీజీలు కూడా వెళ్లవచ్చు. గంటల తొందర లేదు, రెండు రోజుల్లో జవాబొచ్చినా చాలు. ఆశా కార్యకర్తలకు ఇవ్వవలసింది అయిదు ప్రశ్నల కాగితం ఒకటి. మార్కెట్ యార్డుకు, జిన్నింగ్ మిల్లులకు, కాలేజీ ఆటస్థలాలకు నేర్పవలసిందీ ఎక్కువ లేదు: పడినవాడిని లేపి నిలబెట్టవద్దు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి, నోట్లో నీళ్లు పోయవద్దు, చేతిలో తాళాలు పెట్టి కాలం పోగొట్టవద్దు, పలకరించినా పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించండి. పడిపోయిన యువకుడు లేవకుండానే పోయినప్పుడు పోస్టుమార్టంలో ఏమీ కనిపించకపోతే, ఏమీ లేదని అర్థం కాదు. విద్యుత్ లోపం కత్తికి దొరకదు. అప్పుడు ఇంట్లో మిగిలినవాళ్ల ఈసీజీలే ఆ మరణానికి సాక్ష్యం, వాళ్ల ప్రాణాలకు రక్షణ.

ఎండను మనం తగ్గించలేం. వలసను ఒక్క ఏడాదిలో ఆపలేం, తరతరాల సంబంధాలను ఒక్కరోజులో మార్చలేం. మనిషి పడినప్పుడు పక్కనున్నవాడు అడిగే మొదటి మాటను మాత్రం మార్చుకోగలం. ఎండ దెబ్బేనా అని అడిగితే, అవునన్న జవాబుతో ఆ మాట అక్కడే ముగుస్తుంది. పడే ముందు ఏం చేస్తున్నాడని అడిగితే, మూట వీపున ఉండగానే పడ్డాడన్న ఒక్క మాట బయటికొస్తుంది. ఆ మాట ఆదోని ఆసుపత్రిలో డాక్టరు చెవిన పడిన రోజున, ఎమ్మిగనూరులోనో కోసిగిలోనో ఉన్న ఒక ఇంట్లో అన్నదమ్ములందరికీ ఒక పొద్దున ఈసీజీ తీస్తారు.